పిల్ల కణితికి పిల్లలు: క్యాన్సర్ రెండో మజిలీ నుంచి ఎలా పాకుతుంది?

గత సంవత్సరం మా శాఖలో తెలుగు చదువుతున్న ఒక విద్యార్థిని తరగతి అయిపోయాక ఆగి ఒక ప్రశ్న అడిగింది. వాళ్ల అమ్మమ్మకు ఎనిమిదేళ్ల కిందట రొమ్ములో గడ్డ తీశారట. ఇప్పుడు నడుము నొప్పి అంటే పరీక్షలు చేయించారు. వెన్నెముకలోనూ, కాలేయంలోనూ మచ్చలు కనబడ్డాయి. డాక్టరుగారు కొంత ఇంగ్లీషులోనూ, కొంత కన్నడంలోనూ చెప్పారు. కాగితం మీద 'బోన్ సెకండరీస్, లివర్ మెట్స్' అని రాసి ఉంది. అమ్మమ్మకు వచ్చిన భాష తెలుగొక్కటే. "నాకేమిటే అమ్మడూ, ఎముకకు కొత్తగా ఇంకో రోగం వచ్చిందా? ఎముకలోది కాలేయానికి పోయిందా? ఆ గడ్డ ఎప్పుడో తీసేశారు గదా, మళ్లీ ఇదెక్కడిది?" అని ఆమె అడిగితే ఈ అమ్మాయికి జవాబు తోచలేదు. "సార్, తెలుగులో ఎలా చెప్పాలి?" అన్నది.

మేము భాషాసాహిత్యాలు బోధించేవాళ్లం, వైద్యులం కాము. కాని ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. ఎందుకంటే అమ్మమ్మగారు అడిగిన మూడు ప్రశ్నలూ అమాయకమైనవి కావు. మూడోది, అంటే తల్లి కణితి లేకుండా పోయాక పిల్ల కణితి ఇంకొక చోటికి పాకగలదా అన్నది, శాస్త్రజ్ఞులు చాలాకాలం తేల్చుకోలేకపోయిన ప్రశ్న. గట్టి ఆధారాలతో జవాబు దొరకడం మొదలై ఎన్నో ఏళ్లు కాలేదు. ఆ జవాబు రాబట్టిన పద్ధతి మన తాళపత్ర గ్రంథాల పరిష్కర్తలకు బాగా తెలిసిన పద్ధతే కావడం మాకు ఆశ్చర్యం కలిగించింది. అందుచేత ఈ వ్యాసం.

మాటల సంగతి

మన పెద్దవాళ్లు ఈ జబ్బును రాచపుండు అనీ, పుట్టకురుపు అనీ అనేవారు. తమిళంలో ఇప్పటికీ 'పుట్రునోయ్' అంటారు. అందులోని 'పుట్రు' మన పుట్టే. మరాఠీవారి 'కర్కరోగ్', ఒడియావారి 'కర్కట రోగ' పీత అనే అర్థం నుంచి వచ్చినవి. గ్రీకులు 'కార్కినోస్' అన్నదీ పీతనే. తెలుగులో క్యాన్సర్ అన్న మాటే స్థిరపడింది కనుక మేమూ దానినే వాడుతున్నాము.

'మెటాస్టాసిస్' కూడా గ్రీకు నుంచి వచ్చిందే. చోటు మారడం అని దాని అర్థం. క్యాన్సర్ ఒక చోటి నుంచి మరొక చోటికి పోవడానికి ఈ మాటను 1829లో ఫ్రెంచి వైద్యుడు రేకమియే వాడాడు. తెలుగులో కొందరు దీనిని 'వలస' అంటున్నారు. అర్థం సరిపోతుంది. కాని ఈ బులెటిన్ చదివే వారిలో చాలామందికి వలస అన్నది ఇంటి చరిత్ర. నాయకరాజుల నాడో, తరువాతనో తాతముత్తాతలు ఊరు కదిలి వచ్చి, వచ్చిన చోట చెరువులు తవ్వి, సేద్యం చేసి, ఇరుగుపొరుగుతో కలిసి బతికిన సంగతి అది. ఆ మాటను రోగకణాలకు ఇవ్వడానికి మాకు మనసొప్పలేదు. ఇంట్లో పెద్దలు చెప్పే 'పాకడం' అన్న మాట చాలు. మొదట పుట్టినదానిని తల్లి కణితి అనీ, పాకి మొలిచినదానిని పిల్ల కణితి అనీ అందాము.

ఒక కణం ప్రయాణం

మన శరీరంలో ప్రతి కణానికీ ఒక చోటు, ఒక పని, ఒక హద్దు ఉన్నాయి. కణం రెండుగా చీలేటప్పుడు లోపలి జన్యు లిపి, అంటే డి.ఎన్.ఏ., మొత్తం తిరగరాయబడుతుంది. తిరగరాతలో పొరపాట్లు దొర్లుతాయి. చాలావాటిని కణమే దిద్దుకొంటుంది. దిద్దుబాటు తప్పించుకొన్నవాటిలో కొన్ని, కణం పెరుగుదలను అదుపుచేసే జన్యువులలో పడితే, ఆ కణం ఆగవలసిన చోట ఆగదు. దాని సంతతే కణితి.

కణితిలోని కణాలన్నీ ఊరు విడిచి పోలేవు. పోవాలంటే ముందు పక్క కణాలతో ఉన్న అతుకు విడిపోవాలి. చుట్టూ ఉన్న పొరను చీల్చుకోవాలి. రక్తనాళంలోనో లింఫు నాళంలోనో దూరాలి. ప్రవాహపు ఒరిపిడికీ, కాపలా కాసే తెల్ల కణాలకూ తట్టుకోవాలి. ఎక్కడో సన్నని కేశనాళికలో ఆగి, గోడ దాటి బయటపడాలి. అక్కడ పరాయి నేలలో బతికి, చీలి, తనకు కావలసిన రక్తనాళాలను రప్పించుకోవాలి. ఇందులో ఏ మెట్టు మీద జారినా కథ అంతటితో సరి.

ఎంతమంది జారిపోతారో 1970లో అమెరికాలో ఐజయా ఫిడ్లర్ చేసిన ప్రయోగం చూపింది. రేడియోధార్మికపు గుర్తు వేసిన చర్మ క్యాన్సర్ కణాలను ఆయన ఎలుకల రక్తంలోకి ఎక్కించాడు. ఒక్క రోజులోనే దాదాపు అన్నీ చచ్చిపోయాయి. బతికి బట్టకట్టినవి వెయ్యింటికి ఒకటి కూడా లేవు. అయితే కణాలు గుంపుగా పోతే లెక్క మారుతుంది. రక్తంలో ఒంటిగా తిరిగే కణం కంటే గుత్తిగా తిరిగే కణాలకు పిల్ల కణితిని మొలిపించే శక్తి 23 నుంచి 50 రెట్లు ఎక్కువని 2014లో ఎలుకల మీద జరిగిన పరిశోధనలో తేలింది.

విత్తనమూ నేలా

కణాలు ఎక్కడికి పోతాయి? 1889లో లండను వైద్యుడు స్టీఫెన్ పేజెట్ రొమ్ము క్యాన్సర్‌తో మరణించిన 735 మంది స్త్రీల శవపరీక్ష వివరాలు పోగుచేసి చూశాడు. 241 మందికి కాలేయంలో పిల్ల కణితులు ఉన్నాయి. ప్లీహంలో ఉన్నవారు 17 మందే. ప్లీహానికీ రక్తం ధారాళంగానే అందుతుంది. పోయే దారి ఒక్కటే కారణమైతే ఇంత తేడా రాకూడదు. విత్తనాలు గాలికి నలుదిక్కులా పడతాయి గాని, తగిన నేల మీద పడినవే మొలుస్తాయని పేజెట్ చెప్పాడు.

1928లో అమెరికా వైద్యుడు జేమ్స్ యూయింగ్ దీనికి ఎదురు చెప్పాడు. నేల సంగతి అంత ముఖ్యం కాదు, రక్తం పారే దారే ముఖ్యమన్నాడు. ఆయన మాటలోనూ నిజం ఉంది. పెద్దపేగు నుంచి వచ్చే రక్తం గుండెకు పోయే ముందు కాలేయంలో వడగట్టబడుతుంది. అందుకే పేగు క్యాన్సర్ ఎక్కువగా మొదట కాలేయానికి పాకుతుంది. కాలేయం దాటిన రక్తం తరువాత చేరే జల్లెడ ఊపిరితిత్తులు. ఈనాడు శాస్త్రజ్ఞులు ఇద్దరినీ కలిపి చదువుతారు. కాలువ ఎటు పారుతుందో విత్తనం అటు పోతుంది. మొలవడం మాత్రం నేల చేతిలో ఉంది.

తల్లి పోయాక పిల్ల మాటేమిటి?

పేజెట్, యూయింగ్ ఇద్దరూ తల్లి కణితి నుంచి బయలుదేరిన కణాల గురించే మాట్లాడారు. తల్లి నడుమ ఉంటుంది, పిల్లలు చుట్టూ మొలుస్తాయి అన్నట్టు వైద్యులు చాలాకాలం బొమ్మ గీసుకొన్నారు. మన రైతులకు ఇంకొక బొమ్మ తెలుసు. చేలో తుంగ మొలుస్తుంది. పైకి కనబడే మొక్కను పీకేస్తాము. కాని నేల కింద దాని వేరు పాకి ఒక గడ్డ కడుతుంది, ఆ గడ్డ నుంచి ఇంకొక వేరు పాకి మరో గడ్డ కడుతుంది. మొదటి మొక్క ఏనాడో పోయినా గడ్డకు గడ్డ పుడుతూనే ఉంటుంది. క్యాన్సర్ ఆ మొదటి బొమ్మకు చెందినదా, తుంగకు చెందినదా?

1970ల మధ్యలో అమెరికాలోని బఫెలో నగరంలో, రాజ్‌వెల్ పార్క్ సంస్థలో ఇర్విన్ బ్రాస్, ఆయన సహచరులు వేల శవపరీక్షల నివేదికలను లెక్కగట్టారు. ఊపిరితిత్తులలోనో, కాలేయంలోనో పిల్ల కణితి లేకుండా మిగతా అవయవాలకు పాకిన కేసులు అరుదుగా కనిపించాయి. కాబట్టి వ్యాధి మెట్లు మెట్లుగా దిగుతుందని, మొదట ఒక కీలకమైన మజిలీ చేరి అక్కడి నుంచి అన్ని దిక్కులకూ పోతుందని వారు ఊహించారు. అదే రోజులలో, 1975లో, హూవర్, కెచమ్ అనే ఇద్దరు శస్త్రవైద్యులు ఎలుకలతో ప్రయోగం చేశారు. తల్లి కణితిని తీసివేసి, పిల్ల కణితులు మాత్రమే మిగిలిన ఎలుకను ఆరోగ్యంగా ఉన్న మరొక ఎలుకతో రక్తం కలిసేట్టు జతచేశారు. ఆరోగ్యంగా ఉన్న ఎలుకలోనూ కణితులు మొలిచాయి. పిల్ల కణితికి పిల్లలు పుట్టగలవని దీనితో తెలిసింది.

పుట్టగలదు అనడం వేరు, మనుషులలో నిజంగా అలా జరుగుతున్నది అనడం వేరు. మనిషిని ప్రయోగానికి పెట్టలేము. ఏ కణం ఎప్పుడు ఎటు పోయిందో ఎవరూ చూడలేదు. చూడని ప్రయాణాన్ని రుజువు చేయడం ఎట్లా? ఇక్కడే మన తాళపత్రాల సంగతి వస్తుంది.

తాళపత్ర ప్రతుల న్యాయం

తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలోనూ, మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలోనూ తెలుగు తాళపత్రాలు చూసిన విద్యార్థులు మనలో ఉన్నారు. ఒకే కావ్యానికి అనేక ప్రతులు ఉంటాయి. ఏ ప్రతిని చూసి ఏది రాశారో చాలావాటి మీద ఉండదు. అయినా పరిష్కర్త ప్రతుల వంశవృక్షం గీయగలడు. అతనికి ఆధారం లేఖకుల తప్పులే.

ఒక ఉదాహరణ అనుకొందాము. ఒక మూల ప్రతి ఉంది. దానిని చూసి రాసిన 'క' ప్రతిలో పదో ఆకున ఒక పాదం జారిపోయింది. 'గ' ప్రతిలో అదే పాదం లేదు. పైగా ఇరవయ్యో ఆకున ఒక మాట తప్పుగా పడింది. 'చ' ప్రతిలో ఆ రెండు తప్పులూ ఉన్నాయి, దానిదంటూ మూడో తప్పూ ఉంది. ముగ్గురు లేఖకులు విడివిడిగా అదే చోట అదే తప్పు చేయడం దాదాపు అసంభవం. కనుక 'గ' ప్రతి 'క' నుంచి, 'చ' ప్రతి 'గ' నుంచి వచ్చి ఉంటాయి. 'చ' నేరుగా మూలం నుంచి వచ్చి ఉంటే ఇరవయ్యో ఆకు తప్పు దానిలో ఉండదు.

కణాల విషయంలోనూ ఇదే న్యాయం. ప్రతి చీలికలోనూ జన్యు లిపిలో ఒకటి రెండు కొత్త తప్పులు చేరుతుంటాయి. వాటినే ఉత్పరివర్తనలు అంటారు. ఆ తప్పు ఆ కణపు సంతతికంతా వారసత్వంగా పోతుంది. ఒకే రోగి శరీరంలోని తల్లి కణితి నుంచీ, ఎముక, కాలేయం, లింఫు గ్రంథులలోని పిల్ల కణితుల నుంచీ ముక్కలు తీసి, జన్యు లిపి మొత్తం చదివి, ఏ తప్పు ఎందులో ఉందో పట్టిక వేస్తే వంశవృక్షం వస్తుంది. వెన్నెముక కణితిలో పుట్టిన తప్పు, తల్లి కణితిలో లేనిది, కాలేయపు కణితిలోని కణాలన్నిటిలోనూ ఉంటే, కాలేయానిది వెన్నెముక సంతతి అని అనుమానించవచ్చు.

పాఠ పరిష్కర్తకు ఎదురయ్యే చిక్కులు రెండు ఇక్కడా ఎదురవుతాయి. మొదటిది: 'గ', 'చ' ప్రతులు రెండూ నేటికి దొరకని మరో ప్రతి నుంచి వచ్చి ఉండవచ్చు. అప్పుడవి తల్లీ పిల్లలు కావు, అక్కచెల్లెళ్లు. అలాగే తల్లి కణితిలో ముక్క తీయని ఏదో ఒక మూల ఆ తప్పు ఉండి, అక్కడి నుంచే ఎముకకూ కాలేయానికీ కణాలు విడివిడిగా పోయి ఉండవచ్చు. అందుకే ఒకటి రెండు ముక్కలు చాలవు. అనేక చోట్ల నుంచి తీయాలి. రెండవది: కొందరు లేఖకులు రెండు ప్రతులు ముందు పెట్టుకొని కలగాపులగంగా రాస్తారు. అటువంటి మిశ్ర ప్రతికి తల్లి ఒక్కటే అనలేము. కణితులలోనూ ఇది జరుగుతుందని ముందు ముందు చూస్తాము.

పదిమంది ఇచ్చిన సాక్ష్యం

ఈ పని బతికున్న రోగి మీద పూర్తిగా చేయడం కష్టం. శరీరంలో పది చోట్ల కోసి ముక్కలు తీయలేము. అందుచేత కొన్ని దేశాలలో ఒక ఏర్పాటు ఉంది. రోగులు బతికి ఉండగానే తమ మరణానంతరం పరీక్షకు అంగీకారం ఇస్తారు. కణాలు చెడిపోకముందే, మరణించిన కొద్ది గంటలలో, కణితుల ముక్కలు సేకరిస్తారు. బ్రిటన్‌లో 'పీస్' అనే అధ్యయనం ఈ విధంగానే నడుస్తోంది. వైద్యం తమను కాపాడలేదని తెలిసిన మనుషులు, ముక్కూ మొహం తెలియని తరువాతి రోగుల కోసం ఇచ్చిన దానం అది. శాస్త్ర వ్యాసాలలో వారు అంకెలుగా మిగులుతారు గాని, ఆ అంకెల వెనక ఉన్నవారిని మనం మరవకూడదు.

అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో స్టీవెన్ బోవా సేకరించిన ఇటువంటి నమూనాల మీద జరిగిన పరిశోధన 2015లో 'నేచర్' పత్రికలో వచ్చింది. గునెష్ గుండెం, పీటర్ వాన్ లూ మొదలైనవారు ప్రోస్టేటు గ్రంథి క్యాన్సర్‌తో మరణించిన 10 మంది పురుషుల నుంచి తీసిన 51 కణితుల జన్యు లిపిని పూర్తిగా చదివారు. పిల్ల కణితి నుంచి పిల్ల కణితికి పాకడం ఈ రోగులలో మామూలుగానే కనిపించింది. కొన్ని చోట్ల ఒకే కణపు సంతతి కొత్త చోట కణితి కట్టింది. పదిమందిలో ఐదుగురిలో ఇంకొక వింత కనబడింది. ఒకే కొత్త కణితిలో రెండు మూడు వేర్వేరు వంశాల కణాలు కలిసి కాపురం పెట్టాయి. మిశ్ర ప్రతి అని మనం చెప్పుకొన్నది ఇదే. ఒక వంశం ముందు పోయి నేల చదును చేస్తే మరొకటి వెనక పోయిందా, గుత్తిగా కలిసే పోయాయా అన్నది ఒక్కో చోట ఒక్కో విధంగా ఉండవచ్చు.

ఎముక అనే నారుమడి

2021లో హ్యూస్టన్ నగరంలోని బేలర్ వైద్య కళాశాలలో షియాంగ్ జాంగ్ బృందం ఇంకొక అడుగు వేసింది. వారి పద్ధతి కూడా లేఖకుల భాషలో చెప్పవచ్చు. మామూలు ఉత్పరివర్తనలు ఎక్కడ, ఎప్పుడు పడతాయో తెలియదు. కాబట్టి వారు రొమ్ము క్యాన్సర్ కణాలలో ఒక నిర్ణీతమైన చోట, కాలం గడిచేకొద్దీ కొత్త తప్పులు చేరేట్టు క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో ఏర్పాటు చేశారు. ప్రతి లేఖకుడూ ఫలానా ఆకులో తన గుర్తు వేయకుండా నకలు ముగించరాదని నియమం పెట్టినట్టు అన్నమాట. ఆ కణాలను ఎలుకలలో పెట్టి, తరువాత అవయవాలన్నిటిలోని కణితుల గుర్తులు చదివారు.

అనేక అవయవాలకు పాకిన కణితులలో చాలావాటి జాడ తల్లి కణితి దగ్గర కాక, వేరే పిల్ల కణితుల దగ్గర తేలింది. అంతకంటే ముఖ్యమైనది ఎముక సంగతి. కొంతకాలం ఎముకలో ఉండి వచ్చిన కణాలకు ఇతర అవయవాలలో మొలిచే శక్తి పెరిగింది. నారుమడిలో పెరిగిన నారు ఏ పొలంలో నాటినా నిలదొక్కుకొన్నట్టు ఉంది ఇది. దీనికి కారణం జన్యు లిపిలో అక్షరాలు మారడం కాదు. అక్షరాలు అవే ఉన్నా వాటిని చదివే తీరు మారింది. ఎముక పరిసరాల ప్రభావంతో, ఇ.జెడ్.హెచ్.2 అనే ఎంజైము ద్వారా, ఆ కణాలు కొంతవరకు మూలకణాల స్వభావం తెచ్చుకొన్నాయి. ఆ ఎంజైమును అడ్డుకొంటే ఆ శక్తి తగ్గింది.

ఇది ఎలుకలలో తేలిన విషయమని గుర్తుంచుకోవాలి. అయినా పేజెట్ మాటకు ఇది ఒక కొత్త చేర్పు. నేల విత్తనాన్ని మొలిపించడమే కాదు, విత్తనాన్ని మారుస్తుంది కూడా.

లింఫు గ్రంథుల తగవు

చంకలోనో, కణితి పక్కనో ఉండే లింఫు గ్రంథులు తరచుగా మొదటి మజిలీ. అవి దూరపు అవయవాలకు తలుపులా, లేక దారి మూసుకుపోయిన గదులా? వంద ఏళ్లకు పైగా శస్త్రవైద్యులు దీని మీద వాదించుకొన్నారు. 2017లో కమీలా నక్సెరోవా బృందం పెద్దపేగు క్యాన్సర్ ఉన్న 17 మంది నుంచి తీసిన 213 నమూనాలతో వంశవృక్షాలు గీసింది. నూటికి 65 కేసులలో లింఫు గ్రంథిలోనిదీ, దూరపు అవయవంలోనిదీ తల్లి కణితిలోని వేర్వేరు శాఖల నుంచి విడివిడిగా పోయినవే. అవి అక్కచెల్లెళ్లు. మిగిలిన 35 కేసులలో రెండింటికీ ఒకే శాఖ మూలం. మరుసటి సంవత్సరం, 2018లో, రెండు బృందాలు ఎలుకలలో లింఫు గ్రంథిలోని క్యాన్సర్ కణాలు అక్కడి రక్తనాళాలలో దూరి ఊపిరితిత్తులకు చేరడం చూపించాయి. అంటే ఆ తలుపు తెరుచుకోగలదు. కాని ప్రతి రోగిలోనూ దారి అదే అని చెప్పలేము. వంశవృక్షం రోగి రోగికీ వేరు.

వైద్యానికి ఏమి ఒరిగింది?

పిల్ల కణితికి పిల్లలు పుట్టకపోతే, రెండు మూడు పిల్ల కణితులు ఉన్న రోగికి వాటిని ప్రత్యేకంగా మాడ్చివేయడం వల్ల వ్యాప్తి ఆగే ఆశ తక్కువ. పుడితే, మొదటి గడ్డలను త్వరగా తీసివేయడం వల్ల తరువాతి గడ్డలు తప్పవచ్చు. 1995లో అమెరికా వైద్యులు హెల్మన్, వైక్సెల్‌బామ్ ఈ ఆశనే ముందుకు తెచ్చారు. వ్యాప్తి కొద్ది చోట్లకే పరిమితమైన దశ ఒకటి ఉంటుందనీ, ఆ దశలో గురిపెట్టి వైద్యం చేస్తే ఫలితం ఉండవచ్చుననీ అన్నారు.

2019లో కెనడా వైద్యుడు డేవిడ్ పాల్మా నాయకత్వాన 99 మంది రోగులతో జరిగిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఒకటి నుంచి ఐదు పిల్ల కణితులు ఉన్నవారు వీరు. మామూలు వైద్యం మాత్రమే పొందినవారి మధ్యగత ఆయుర్దాయం 28 నెలలు. దానికి తోడు కణితుల మీద గురిపెట్టిన రేడియేషను కూడా పొందినవారిది 41 నెలలు. అయితే రేడియేషను పొందిన 66 మందిలో ముగ్గురి మరణానికి ఆ వైద్యమే కారణం కావచ్చునని కూడా వారు దాచకుండా రాశారు. 2022లో వెల్లడైన మరొక పరీక్షలో, రొమ్ము క్యాన్సర్ రోగులలో, ఇటువంటి మేలు కనబడలేదు. ఎవరికి ఏది మంచిదో వైద్యులు రోగిని చూసి తేల్చవలసిందే.

కణాలు రక్తంలో తిరుగుతున్నప్పుడు మందు కూడా రక్తంలో తిరగాలి. ఈ చరిత్రలో మన భీమవరంలో పుట్టి మద్రాసు వైద్య కళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారికి చోటుంది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే మందులను తయారుచేసింది. వాటితో సిడ్నీ ఫార్బర్ 1948లో పిల్లల రక్త క్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా తగ్గించగలిగాడు. సుబ్బారావుగారు అదే సంవత్సరం కన్నుమూశారు. ఆ కుటుంబానికే చెందిన మెతోట్రెక్సేట్ అనే మందుతో 1956లో మిన్ చియు లి, రాయ్ హెర్ట్జ్, గర్భానికి సంబంధించిన ఒక క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకిన స్త్రీలలో ఆ పిల్ల కణితులను మాయం చేయగలిగారు. పాకిన గట్టి కణితి మందుతో నయం కాగలదని లోకం చూసింది అప్పుడే.

ఇంట్లో చెప్పవలసిన మాటలు

మళ్లీ ఆ అమ్మమ్మగారి ప్రశ్నల దగ్గరకు వద్దాము. బయటి రాష్ట్రాలలో చదువుకొంటున్న మన పిల్లలకు ఈ పని తరచు పడుతుంది. ఆసుపత్రిలో ఒక భాష, ఇంట్లో ఒక భాష. నడుమ నిలబడి మాట మార్చవలసినది ఇంటి మనుమరాలో, మనుమడో. మాట తప్పితే వైద్యమే తప్పవచ్చు.

ఎముకకు కొత్త రోగం వచ్చిందా? లేదు. ఎముకలో మొలిచినా అది రొమ్ము క్యాన్సరే. అందుకే దానికి రొమ్ము క్యాన్సర్‌కు వాడే మందులే వాడతారు. అయితే చోటు మారినప్పుడు కణాల లక్షణాలు కొంత మారవచ్చు. డాక్టరుగారు ఎముక నుంచో, కాలేయం నుంచో మళ్లీ చిన్న ముక్క తీసి చూడాలంటే కారణం ఇదే. సూది గుచ్చితే, కత్తి పెడితే రోగం పాకుతుందని మన ఇళ్లలో ఒక భయం ఉంది. సూది దారిలో కణాలు మొలవడం చాలా అరుదు. ఆ భయంతో పరీక్షను వాయిదా వేయడమే ఎక్కువ నష్టం. ఇది అంటురోగం కాదని, అమ్మమ్మ కంచం, గ్లాసు వేరు పెట్టనక్కరలేదని కూడా చెప్పాలి.

గడ్డ తీసేశాక ఎక్కడి నుంచి వచ్చింది? గడ్డ తీసే నాటికే కొన్ని కణాలు బయలుదేరి, ఎముకలోనో మరొకచోటనో ఏళ్ల తరబడి నిద్రపోయినట్టు ఉండవచ్చు. రొమ్ము క్యాన్సర్‌లో ఇది తెలిసిన సంగతే. శస్త్రవైద్యుడు పని చెడగొట్టాడనో, అమ్మమ్మ పథ్యం తప్పిందనో అనుకోనక్కరలేదు.

ఇక ఎముకలోదే కాలేయానికి పోయిందా? పోయి ఉండవచ్చు. ఆమె విషయంలో ఏది జరిగిందో కణాల లిపి చదివితే తప్ప తెలియదు. ఇప్పటి వైద్యానికి అది చదవవలసిన అవసరం సాధారణంగా ఉండదు. కాని ఆ ప్రశ్న సరైన ప్రశ్న అనీ, దానికి జవాబు వెతకడానికే పెద్ద పెద్ద ప్రయోగశాలలు పని చేస్తున్నాయనీ ఆమెతో చెప్పవచ్చు. మా విద్యార్థిని ఇవన్నీ ఒక కాగితం మీద తెలుగులో రాసుకొని వెళ్లింది. అంతా విని అమ్మమ్మగారు, "అయితే తుంగ లాంటిదన్నమాట. చూసుకొంటూ తవ్వుతూ ఉండాలి" అన్నారట. అంతకంటే చక్కని నిర్వచనం మాకు దొరకలేదు.